వడకానికి ఎవరు పోగలరు? క్రైస్తవ మఠాలు, దళితుల ప్రార్థన

పల్నాడులో మిరపకాయ కోతలు జనవరిలో మొదలై ఏప్రిల్ దాకా సాగుతాయి. కతోలికులు తపస్కాలం అనీ, మా పల్లెల్లో శ్రమల దినాలు అనీ పిలిచే ఈస్టరు ముందరి నలభై రోజులు ఫిబ్రవరిలోనో మార్చి మొదట్లోనో మొదలవుతాయి. అంటే ఏటా ఈ రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి. మఠాల్లో, ధ్యాన కేంద్రాల్లో వడకాలు జోరుగా జరిగేది కూడా ఈ తపస్కాలంలోనే. ఈపూరు, బొల్లాపల్లి, వినుకొండ వైపు చర్చికి పోయేవాళ్లలో ఎక్కువమంది కూలికి పోయే మాలలు, మాదిగలు. ఏడాది మొత్తంలో వాళ్లకు చేతినిండా పని దొరికేది ఆ నాలుగు నెలలే. కర్నూలు జిల్లా పడమటి ఊళ్ల నుంచి కుటుంబాలకు కుటుంబాలే మూటాముల్లె సర్దుకుని 'సుగ్గి'కి గుంటూరు, పల్నాడు చేలకు వచ్చేది కూడా ఈ రోజుల్లోనే. కాబట్టి వడకం ఎవరిని దృష్టిలో పెట్టుకుని ఏర్పాటయింది అనే ప్రశ్నకు సగం జవాబు క్యాలెండర్లోనే ఉంది. మిగతా సగం చరిత్రలో వెతకాలి.

'వడకం' అనే మాట కతోలికులు కానివారికి కొత్తగా ఉంటుంది. లోకవ్యవహారాలు పక్కనపెట్టి, కొన్ని రోజులు ఒకచోట ఉండి మౌనంగా ప్రార్థన, ధ్యానం చేసుకోవడాన్ని తెలుగు కతోలికులు వడకం అంటారు. ప్రొటెస్టెంటు సంఘాల్లో రిట్రీట్ అనే ఇంగ్లీషు మాటే వాడతారు. తమిళ కతోలికులు దీన్నే 'ఞాన ఒడుక్కం' అంటారు. మన మాట ఆ దారిలోనే వచ్చి ఉంటుందని నాకు అనిపిస్తుంది. మాది బాప్టిస్టు పల్లె. నేను ఆ మాట విన్నది విశ్వవిద్యాలయానికి వచ్చాకే.

పరిశోధన పనిమీద ఒక మఠంలో మూడు రోజుల వడకానికి పోయాను. ఆ మఠం పేరు అనవసరం. పోయేముందు అమ్మకు చెబితే ఆమె అడిగిన ప్రశ్న ఇది: "మూడు రోజులు ఎవురితో మాట్లాడకుండా కూసోవాలా? దానికి డబ్బులు కూడా కట్టాలా? మిరపతోటలో సాలు పట్టుకుని ఒంగితే పొద్దుగూకేదాకా నేను మాత్రం ఎవురితో మాట్లాడతాన్రా నాయనా?" అప్పుడు నవ్వాను. తర్వాత ఆలోచిస్తే, సంఘశాస్త్రంలో పెద్ద పుస్తకాలు కూడా ఈ ప్రశ్నను ఇంత సూటిగా వేయలేదనిపించింది.

మఠంలో రోజు గంట కొట్టడంతో మొదలవుతుంది. తెల్లవారకముందే లేచి గుడిలో కీర్తనల గ్రంథం నుంచి కీర్తనలు చదువుతారు. తర్వాత పూజ, ఫలహారం. ఆపైన వడకం నడిపే గురువు ఒక వాక్యభాగం మీద అరగంట మాట్లాడి, దాన్ని తీసుకుని ఎవరికి వారు చెట్టు కిందనో గదిలోనో ఒంటరిగా కూర్చోమంటారు. ఇట్లా రోజుకు మూడుసార్లో నాలుగుసార్లో జరుగుతుంది. మధ్యాహ్నం భోజనం కూడా మౌనంగానే. సాయంత్రం మళ్లీ కీర్తనలు, పాపసంకీర్తనం, దివ్యసత్ప్రసాదం ముందు మౌన ఆరాధన. రాత్రి తొమ్మిదికల్లా దీపాలు ఆర్పేస్తారు. ఇందులో మంచి లేదని నేను అనను. నాకు రెండో రోజుకు తల తేలికపడింది. పీహెచ్‌డీ చేసే మొదటితరం విద్యార్థికి నాలుగు గోడల మధ్య తన కోసం ఒక గది, ఒక కుర్చీ, ఎవరూ తలుపు తట్టని ఒక మధ్యాహ్నం దొరకడం చిన్న విషయం కాదు. మా ఇంట్లో అట్లాంటి గది ఎప్పుడూ లేదు.

ఆ రెండో రోజే వేపచెట్టు కింద కూర్చుని ఉండగా గోడ అవతల మిరప చేలోంచి ఆడవాళ్ల మాటలు వినపడ్డాయి. ఎవరో గట్టిగా నవ్వుతున్నారు, ఒకామె క్రీస్తు పాట ఎత్తుకుంది. ఫాదరు గారు గోడ దగ్గరికి పోయి, "అమ్మా, లోపల ధ్యానం జరుగుతా ఉంది, కాస్త మెల్లగా" అన్నారు. మర్యాదగానే అన్నారు. వాళ్లు ఊరుకున్నారు. నేను లేచి చూశాను. పాట పాడినామె మెడలో జపమాల ఉంది.

లోపల మౌనానికి అడ్డమైంది బయట జరుగుతున్న ప్రార్థనే. దళిత క్రైస్తవుల ప్రార్థనను 'గోల' అనీ, మఠాల ప్రార్థనను 'ఆధ్యాత్మికత' అనీ పిలిచే అలవాటు మన చర్చిలో, చర్చి బయట కూడా ఉంది. ఈ తేడా ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి.

మఠాల పుట్టుకలో ఇది లేదు. నాలుగో శతాబ్దంలో ఐగుప్తులో పకోమియుస్ కట్టిన తొలి మఠాల్లో సన్యాసులు చాపలు, బుట్టలు అల్లి బతికేవారు. మన దగ్గరైతే ఆ పనికి ఒక కులం పేరు ఉంది. ఆరో శతాబ్దంలో ఇటలీలోని మోంటె కస్సీనో మఠంలో బెనెడిక్ట్ రాసిన నియమావళి పడమటి దేశాల మఠాలన్నిటికీ పునాది అయింది. దాన్ని దళిత దృష్టితో చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. పగలు ఏడుసార్లు, రాత్రి ఒకసారి ప్రార్థన చేయాలని చెప్పిన ఆ నియమావళే, ప్రతివాడూ రోజూ కొన్ని గంటలు చేతులతో పని చేయాలని కూడా చెప్పింది. వంటపని అందరూ వంతులవారీగా చేయాలన్నది. జబ్బో, మరేదైనా ముఖ్యమైన పనో ఉంటే తప్ప మినహాయింపు లేదు. అన్నిటికంటే ముఖ్యం: బానిసగా ఉండి మఠంలోకి వచ్చినవాడికంటే స్వతంత్రుడిగా పుట్టినవాడిని, ఆ పుట్టుక కారణంగా, ముందు నిలబెట్టకూడదు. మఠంలో వరస పుట్టుకను బట్టి కాదు, ఎవరు ముందు చేరారు అన్నదాన్ని బట్టి. దాదాపు పదిహేను వందల ఏళ్ల కిందటి మాట ఇది. పన్నెండో శతాబ్దంలో మన బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టించాడనీ, మాల కన్నమదాసును కొడుకుగా చేసుకున్నాడనీ పల్నాటి కథ చెప్పుకుంటాం. కారంపూడి తిరునాళ్లలో మందపోరు రోజున ఇప్పటికీ చాపకూడు జరుపుతారు. కారంపూడిలో అది ఏడాదికి ఒక రోజు. బెనెడిక్ట్ దాన్ని రోజువారీ నియమం చేశాడు.

నేను పోయిన మఠంలో మాత్రం వంటగిన్నెలు తోమిందీ, మరుగుదొడ్లు కడిగిందీ పక్క పల్లె నుంచి కూలికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు. వాళ్ల ఇంటిపేర్లు అడగకుండానే నాకు తెలుసు.

మరి నియమావళి ఈ నేల మీదికి వచ్చేసరికి ఏమైంది? సన్యాసం అనే మాట ఇక్కడ ఖాళీగా లేదు, దానికి అప్పటికే కులం ఉంది. 1606లో మధురై వచ్చిన జెసూట్ గురువు రాబర్ట్ డి నోబిలి కాషాయం కట్టి, శాకాహారం తింటూ, బ్రాహ్మణ వంటవాడిని పెట్టుకుని బ్రాహ్మణ సన్యాసిలాగా బతికాడు. అగ్రకులాలను క్రీస్తు వైపు తిప్పడానికి అదొక్కటే దారి అనుకున్నాడు. కింది కులాల కోసం 1640 ప్రాంతంలో 'పండారస్వాములు' అనే వేరే తరహా గురువులు వచ్చారు. ఒకే సభకు చెందిన గురువులు రెండు కులాలుగా విడిపోయి, నలుగురి ముందు కలిసి భోంచేయలేని స్థితి ఏర్పడింది. పద్దెనిమిదో శతాబ్దంలో తెలుగుదేశంలో పనిచేసిన కర్ణాటక మిషను జెసూట్లు కూడా ఈ సన్యాసి వేషమే కొనసాగించారు. రాయలసీమ నుంచి గుంటూరు సీమకు వలస వచ్చిన రెడ్డి కతోలిక కుటుంబాల చరిత్ర అక్కడినుంచే మొదలవుతుంది. ఫిరంగిపురం లాంటి పాత విచారణల్లో కులం వారీ పెత్తనం ఎందుకు అంత లోతుగా పాతుకుంది అంటే, దాని వేరు అక్కడ ఉంది.

ఇరవయ్యో శతాబ్దంలో క్రైస్తవ ఆశ్రమాలు వచ్చాయి. 1921లో తిరుపత్తూరులో క్రైస్తుకుల ఆశ్రమం, 1950లో కావేరి ఒడ్డున శాంతివనం, 1958లో కేరళలో కురిసుమల. వీటిలో నిజాయితీగా, సాదాగా బతికినవారు ఉన్నారు. కానీ 'భారతీయత' అంటే వాళ్లకు కనిపించినవి ఉపనిషత్తులు, కాషాయం, సంస్కృత మంత్రాలు, శాకాహారం. డప్పు కనపడలేదు. మాతమ్మ కనపడలేదు. ఆ శాకాహార పంక్తిలో కూర్చోవాలంటే మాదిగవాడు తన తిండిని గేటు బయట వదిలిరావాలి. 1980ల మొదట్లో అరవింద్ నిర్మల్ వంటి వేదాంతులు బెంగుళూరులో ఈ బ్రాహ్మణీయ ధోరణిని ప్రశ్నించాకే దళిత వేదాంతం అనే మాట గట్టిగా వినపడటం మొదలయింది. అంతకుముందు అగ్రకుల జ్ఞానమార్గమే క్రైస్తవ ధ్యానమార్గంగా చలామణీ అయింది.

అయితే దళితులకు ధ్యానం, ఏకాంతం తెలియవా? ఇక్కడ మన చరిత్రను మనమే మర్చిపోయాం. ఒంగోలు ప్రాంతంలో 1866లో బాప్తిస్మం పొందిన యర్రగుంట్ల పేరయ్య తోలు వ్యాపారం చేసే మాదిగ. అతను క్రీస్తు గురించి వినకముందే రాజయోగం నేర్చుకున్నవాడు. అతనికి నేర్పిన గురువు ఒక స్త్రీ, పేరు వీరమ్మ. మాదిగవాడల్లో పోతులూరి వీరబ్రహ్మం పేరు, యోగ సంప్రదాయాలు ఎట్లా తిరిగాయో 1899లో ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ తన పుస్తకంలో నమోదు చేసింది. చెప్పులు కుడుతూనే ధ్యానం చేసినవాళ్ల కథలు అవి. అంటే మిషనరీ వచ్చి మాదిగవాడికి కళ్లు మూసుకోవడం నేర్పలేదు. వెతుకుతూ ఉన్నవాడే మిషనరీని వెతుక్కుంటూ పోయాడు. ఆ ఉద్యమాన్ని ఊరూరా మోసిందీ పేరయ్య లాంటివాళ్లే. వేలమంది బాప్తిస్మాలకు పేరు మాత్రం జాన్ క్లౌకు వచ్చింది.

ఒంగోలు 'ప్రార్థన కొండ' సంగతి చాలామందికి తెలుసు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఐదుగురు ఆ కొండెక్కి ప్రార్థించారు. మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, నర్సు అనే తెలుగు క్రైస్తవుడు, జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు స్త్రీలు. అమెరికాలోని బోర్డు ఈ మిషను మూసేయాలా వద్దా అని తర్జనభర్జన పడుతున్న కాలం అది. ఏకాంతానికి కొండెక్కిన ఆ గుంపులో సగానికి పైగా తెలుగువాళ్లే అన్నది చరిత్ర రాసేటప్పుడు ఫుట్‌నోటుగా మారింది.

అసలు సంగతి ఆదివారం దగ్గర ఉంది. చర్చిలో చేరే మాదిగలకు క్లౌ మూడు నియమాలు పెట్టాడు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. మొదటి నియమం మనకు ఇవాళ మామూలుగా కనిపిస్తుంది. వెట్టిచాకిరీ వ్యవస్థలో అది మామూలు మాట కాదు. మాదిగవాడి రోజు మాదిగవాడిది కాదు. రైతు పిలిచినప్పుడు పోవాలి, కరణం పంపినచోటికి పరుగెత్తాలి, జాతరలో డప్పు కొట్టాలి, మోటకు తోలు కుట్టాలి. అట్లాంటి మనిషి ఏడు రోజుల్లో ఒక రోజు 'నేను రాను' అన్నాడు. ఊరు ఊరుకోలేదు. చాలాచోట్ల నీళ్లు కట్టేశారు, పని మానిపించారు, తప్పుడు కేసులు పెట్టారు. డప్పు కొట్టనన్నందుకు దెబ్బలు తిన్నారు. అయినా ఆదివారం నిలిచింది. 1878 జూలై 3న, మా వినుకొండ వైపు నుంచి పారే ఆ గుండ్లకమ్మలోనే, వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. 1883లో వినుకొండ, నరసరావుపేట వేరే మిషను కేంద్రాలయ్యాయి. ఈపూరు ప్రాంతపు బాప్టిస్టు పల్లెలు ఆ అలలోవే. గురజాల వైపు అంతకుముందే, 1849లో, లూథరన్ మిషనరీ హేయర్ వచ్చి ఉన్నాడు.

నా వాదన ఇది: పల్నాడు, ఒంగోలు దళితులకు మొదటి వడకం ఆ ఆదివారమే. మఠం గోడ లేకుండా, గది లేకుండా, ఊరి మధ్యలోనే తమ సమయాన్ని ఊరి చేతిలోంచి లాక్కున్నారు. వడకం అంటే లోకం నుంచి వైదొలగడం అయితే, దళితుడికి లోకం అంటే ముందుగా ఆసామి పొలం. దాన్నుంచి ఒక రోజు వైదొలగడమే అతని తపస్సు. కలిగినవాడు తనకున్న సమయంలో కొంత దేవుడికి ఇస్తాడు. లేనివాడు ముందు ఆ సమయాన్ని సంపాదించుకోవాలి.

మన పల్లెల్లో ప్రార్థన రాత్రిపూట ఎందుకు జరుగుతుందో కూడా దీన్నిబట్టే అర్థం చేసుకోవాలి. ఆల్ నైట్ ప్రార్థన, శుక్రవారం ఉపవాస ప్రార్థన, తెల్లవారుజాము కూడిక. పగలు ఎట్లాగూ మనది కాదు. గట్టిగా ఏడ్చి ప్రార్థించడాన్ని వెక్కిరించేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. పొలంలో, పోలీస్ స్టేషన్లో, ఆఫీసు వరండాలో రోజంతా నోరు మూసుకుని నిలబడ్డ మనిషికి మళ్లీ మౌనం వ్రతంగా ఇవ్వడం ఏమి వైద్యం? మౌనం అందరికీ ఒకే అర్థం ఇవ్వదు. మాట్లాడే అధికారం ఉన్నవాడు మాట మానితే అది సాధన. మాటే లేనివాడికి నోరు తెరవడమే సాధన.

అట్లాగని దళిత క్రైస్తవం అంతా కేకలే అనుకోకూడదు. ముంగమూరి దేవదాసు అయ్యగారిని చూడండి. లూథరన్ సంఘంలో పనిచేసి, బయటికి వచ్చి 1938లో బైబిలు మిషను స్థాపించారు. 1960 ఫిబ్రవరిలో చనిపోయేవరకు పెళ్లి లేకుండా ప్రార్థనలోనే గడిపారు. గుంటూరు పక్క కాకాని తోటలో స్వస్థిశాల ఇప్పటికీ ఉంది. రోగులు, దిక్కులేనివాళ్లు వచ్చి రోజుల తరబడి అక్కడే వండుకు తిని, చెట్ల కింద పడుకుని ప్రార్థించుకుంటారు. దేవదాసు నేర్పిన పద్ధతుల్లో ముఖ్యమైనది 'సన్నిధి': ఏమీ అడగకుండా, నిశ్శబ్దంగా దేవుని ముందు కనిపెట్టడం. కతోలిక మఠాల్లో చేసే మౌన ధ్యానానికి ఇది దగ్గరి చుట్టమే. తేడా ఎక్కడ? సన్నిధికి ఫారం నింపనక్కర్లేదు, ఇంగ్లీషు రానక్కర్లేదు, మంచం బుక్ చేయనక్కర్లేదు. ఇంటి మూలలో కూడా చేయొచ్చు. పి. సాల్మన్ రాజు 1986లో అచ్చయిన తన పరిశోధనలో ఈ ఉద్యమాన్ని ప్రజల మతంగా చూశారు. తెలుగు విశ్వవిద్యాలయాల్లో దీని మీద జరగాల్సినంత పని జరగలేదు.

చర్చి గోడకు ఇంకో ఉపయోగం కూడా మనకు తెలుసు. 1991 ఆగస్టు 6 చుండూరు హత్యల తర్వాత ఊరు వదిలిన మాలలు తెనాలి సాల్వేషన్ ఆర్మీ ఆవరణలో తలదాచుకున్నారు. అక్కడ గోడ ధ్యానానికి కాదు, ప్రాణానికి అడ్డం. ఆ ఆవరణే ఉద్యమ కేంద్రం అయింది. ఆశ్రమం, ఆశ్రయం రెండూ ఒకే ధాతువు నుంచి రావని పండితులు చెబుతారు. మనకు మాత్రం రెండోది లేకుండా మొదటిది లేదు.

అంబేద్కర్ ఈ ప్రశ్నను బౌద్ధ సంఘం గురించి అడిగారు. 1957లో వచ్చిన 'బుద్ధుడు – ఆయన ధమ్మం' ఉపోద్ఘాతంలో, బుద్ధుడు భిక్షువును ఎందుకు సృష్టించాడు, తనను తాను పరిపూర్ణుడిగా చేసుకోవడానికా, సమాజసేవకుడిగా ఉండటానికా అని ప్రశ్నించి, మొదటిదే అయితే అతను స్వార్థపరుడే అవుతాడని తేల్చారు. మాచర్ల అవతల నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు విహారాల పునాదులు బయటపడ్డాయి, తర్వాత సాగర్ నీళ్ల కింద చాలా భాగం మునిగిపోయాయి. పల్నాడుకు మఠం కొత్త కాదు. మఠం ఎవరికి జవాబుదారీ అన్న ప్రశ్నా కొత్తది కాదు.

ఇప్పుడు ఇంకో చిక్కు ఉంది, దీన్ని కార్యకర్తలు పట్టించుకోవాలి. వడకానికి పోతే ఫారం ఇస్తారు. బాప్తిస్మ పేరు, విచారణ పేరు, విచారణ గురువు సంతకం. మన పల్లెల్లో చాలామందికి రెండు పేర్లు. రికార్డులో వెంకటేశ్వర్లు, చర్చిలో యేసుదాసు. కారణం అందరికీ తెలిసిందే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కాని దళితుడు షెడ్యూల్డు కులం కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు, క్రైస్తవులకు, ముస్లింలకు లేదు. మన రాష్ట్రంలో దళిత క్రైస్తవులను బీసీ-సీలో పెట్టి ఒక శాతం ఇచ్చారు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది. 2025 ఏప్రిల్ 30న రాష్ట్ర హైకోర్టు, క్రైస్తవంలోకి మారినవారు ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం రక్షణ కోరలేరని తీర్పు చెప్పింది. ఇట్లాంటి కాలంలో సంతకం పెట్టి ప్రార్థనకు పోవడం అంటే ఉద్యోగాన్నో, కేసునో పణంగా పెట్టడం. అగ్రకుల క్రైస్తవుడికి ఈ భయం లేదు. అతని కులం బాప్తిస్మంతో పోదు, చట్టమూ దాన్ని తీసేయదు. కాబట్టి రిజిస్టరు అనేది మఠానికి కాగితం పని, దళితుడికి సాక్ష్యం.

వడకం ముగిసిన రోజు అభిప్రాయం చెప్పమన్నారు. నేను మూడు విషయాలు అడిగాను. గిన్నెల పని, మరుగుదొడ్ల పని వడకానికి వచ్చినవాళ్లం వంతులవారీగా చేయలేమా? విచారణ సంతకం లేకుండా, ఉత్త పేరుతో రానివ్వలేరా? కోతలు అయిపోయి, కళ్లాలు ఎత్తేశాక, మే నెలలో తెలుగులో ఒక వడకం పెట్టలేరా? మొదటిదానికి నవ్వారు. రెండోదానికి పైవాళ్లను అడగాలన్నారు. మూడోదానికి, తపస్కాలం తేదీలు మన చేతుల్లో లేవు కదా అన్నారు.

ఈస్టరు తేదీ ఎవరూ మార్చమనలేదు. వడకాలకు మూలమైన ఇగ్నేషియస్ లొయోలా 'ఆధ్యాత్మిక సాధనలు', 1548లో పోపు ఆమోదించినవి, తపస్కాలానికి కట్టుబడినవి కావు. ఇంకో మాట: ఆ పుస్తకం మొదట్లో ఇచ్చిన సూచనల్లో పద్దెనిమిదోది మనిషి వయసు, చదువు, శక్తిని బట్టి సాధనలు మార్చుకోమంటుంది. పంతొమ్మిదోది, పనుల వల్ల ఇల్లు వదిలి రాలేనివాళ్లు రోజుకు గంటన్నర కేటాయించి ఇంటి దగ్గరే ఆ సాధనలు చేయొచ్చు అంటుంది. ఇగ్నేషియస్ మనసులో ఉన్నది బహుశా పదవుల్లో ఉన్న పెద్దమనుషులు. కానీ సూచన సూచనే. ఈపూరు పక్క పల్లెలో శుక్రవారం రాత్రి, కోతల నుంచి ఆటోలో దిగి, చేతుల మంట ఆరడానికి కొబ్బరినూనె రాసుకుని, ఎనిమిది గంటలకు చర్చి చాప మీద కూర్చునే ఆడవాళ్లు గంటన్నర కంటే ఎక్కువే కేటాయిస్తున్నారు. అమ్మ వాళ్లలో ఒకామె. వచ్చే శుక్రవారం ఆ కూడికను టేపు చేసుకోవడానికి ఆమెను అనుమతి అడిగాను. పాటలు చేసుకోమంది, ప్రార్థన మాత్రం వద్దంది.